సర్వర్‌ను రెండోసారి ముట్టుకున్న రోజు

ఆ దవాఖానాలో చేరిన మొదటి వారమే నేను అక్కడి నర్సును "అక్కా" అని పిలిచాను. ఆమె మందుల అలమారా తలుపు మూసి నా వైపు తిరిగింది.

"నేను నీకు అక్కను గాను. సిస్టర్ అను."

ఆ రోజు నుంచి ఆమె నాకు సిస్టరే. నేను ఆమెకు "పిల్లా". కోపం వస్తే "ఏయ్ కంప్యూటరూ".

దమ్మపేట దాటి అడవి వైపు పోయే రోడ్డు మీద ఒక చిన్న ట్రస్టు నడిపే దవాఖానా అది. మూడు గదులు, ముందు రేకుల వరండా. డాక్టరుగారు సోమ, గురువారాల్లో మాత్రమే వచ్చేవారు. మిగతా రోజులన్నీ సిస్టర్‌వే. అడవి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లలో చాలామందికి సికిల్ సెల్ జబ్బు ఉండేది. రక్తంలోని కణాలు కొడవలిలా వంకర తిరిగి, నాళాల్లో అడ్డుపడి, కీళ్లు పట్టేసి మనిషిని మెలితిప్పే జబ్బు. ఎవరికి ఎప్పుడు రక్తం ఎక్కించారు, ఎవరికి ఏ మందు పడదు అన్నది రాసి పెట్టుకోకపోతే ఆ జబ్బుకు వైద్యం చెయ్యడం కష్టం. నేను చేరడానికి ఏడాది ముందు ట్రస్టువాళ్లు పాత అట్టకార్డులు పారేసి, ఆ వివరాలన్నీ ఒక సర్వర్‌లోకి ఎక్కించారు. సిస్టర్ వద్దందట. ఎవరూ వినలేదు. నేను కల్లూరు నుంచి బస్సులో వారానికి మూడు రోజులు వచ్చి ఆ సర్వర్‌ను చూసుకునేదాన్ని.

అది ఎవరో దానమిచ్చిన యంత్రం. దానిలో ఉన్నది యూనిక్స్ జాతికి చెందిన ఒక ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. అదీ పరీక్షలన్నీ అయి జనం చేతికి వచ్చిన వెర్షన్ కాదు. ఇంకా తయారీలో ఉన్న వెర్షన్. దాన్ని తయారు చేసేవాళ్లు దేశదేశాల్లో కూర్చుని రోజూ ఏదో ఒకటి మారుస్తూనే ఉంటారు. నిన్న పనిచేసింది ఇవాళ పనిచెయ్యకపోవచ్చని వాళ్లే ముందుగా హెచ్చరిస్తారు. నాకంటే ముందు పనిచేసినతను దాన్ని పెట్టాడు. ఆ యంత్రంలోని డిస్కులను స్థిరమైన వెర్షన్ గుర్తుపట్టలేదట. "వేరే దారి లేదు" అని నోటుబుక్కులో ఒక్క ముక్క రాసి, వేరే ఊళ్లో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. ఆ ఒక్క ముక్క చదివినప్పుడల్లా నాకు అతని మీద ఒళ్లు మండేది.

నేను చేరిన ఏడాది వానాకాలంలో, ఒక సోమవారం పొద్దున, ఆ సిస్టమ్‌ను కొత్త వెర్షన్‌కు మార్చాలని కూర్చున్నాను. ఎందుకు ఆ రోజే అంటే చెప్పడానికి నా దగ్గర మంచి కారణం లేదు. మొదటి బస్సుకు వచ్చాను. డాక్టరుగారు పదింటికి వస్తారు. ఆలోగా అయిపోతుందనుకున్నాను. కొత్త కోడ్ ముందే దించి తయారుచేసి పెట్టుకున్నాను. దాంతోపాటు ఒక నోట్స్ ఫైలు వస్తుంది. ఏ తేదీన ఏం మారింది, ఏం చేస్తే దెబ్బతింటారు అన్నది అందులో ఉంటుంది. నేను దాన్ని తెరవలేదు.

మార్పు బాగానే జరిగింది. యంత్రం ఒకసారి ఆగి మళ్లీ లేచింది. తెర మీద ఒక వాక్యం వచ్చింది. డిస్కుకు కొత్త సౌకర్యాలు వచ్చాయి, కావాలంటే ఈ ఆదేశం ఇవ్వండి, ఇస్తే మళ్లీ పాత పద్ధతికి రాలేరు అని. నేను ఆదేశం ఇచ్చాను. మొత్తం కొత్తగా ఉండాలన్న ఉత్సాహం, అంతే. ఎందుకైనా మంచిదని మరోసారి ఆపి లేపాను.

ఈసారి లేవలేదు. నల్లని తెర మీద ఒకే ఒక తెల్ల వరుస.

వరండాలో అప్పటికే జనం నిండారు. సిస్టర్ తలుపు దగ్గరికి వచ్చింది.

"ఏంది పిల్లా, గట్ల నల్లగున్నది?"

"ఐదు నిమిషాలు సిస్టర్."

అరగంట తర్వాత మళ్లీ వచ్చింది. అదే మాట చెప్పాను. మూడోసారి ఆమె అడగలేదు. నా వెనక గోడకు ఆనుకుని నిలబడింది.

పదకొండింటికి అడవి ఊరి నుంచి ఒకామె కూతురిని మోసుకుని వచ్చింది. పిల్లకు పదేళ్లుంటాయేమో. మోకాళ్లు వాచి, ఊపిరి పీల్చినప్పుడల్లా మూలుగుతోంది. ఎదురు గదిలో డాక్టరుగారు నొప్పి తగ్గడానికి ఇంజెక్షన్ తీయబోతుంటే తల్లి చెయ్యి అడ్డం పెట్టింది.

"పోయినసారి ఏదో సూది పడక ఒళ్లంత దద్దుర్లొచ్చినయ్ సారూ. ఊపిరాడలే."

"ఏ ఇంజెక్షనమ్మా అది?"

"నాకేం తెలుసు? మీరే రాసుకున్నరు గదా. మా పిల్ల కాయితం ఆ డబ్బాల ఎక్కిచ్చినమంటిరి గదా. తియ్యుండ్రి."

ఆమె వేలు నా వైపే చూపింది. పోయినసారి ఆ పిల్ల వచ్చిన రోజు సిస్టర్ సెలవులో ఉంది, బదులు వచ్చిన నర్సు సూది వేసింది. ఆ మందు పేరు అక్కడున్న ఒక్క మనిషికీ తెలియదు. డాక్టరుగారు నా వైపు చూసి, సిరంజి ట్రేలో పడేశారు.

"పేరు తెలీకుండా నేనివ్వను. సెలైన్ పెట్టి భద్రాచలం పంపండి."

ఆటో మాట్లాడారు. తల్లి ఒడిలో పిల్ల, పక్కన సెలైన్ సీసా పట్టుకుని సిస్టర్. ఆ గతుకుల రోడ్డు మీద, ఆ నొప్పితో, ఆ పిల్ల భద్రాచలం దాకా పోయింది. తక్కినవాళ్లలో చాలామందిని డాక్టరుగారు గురువారం రమ్మని వెనక్కి పంపారు. పొద్దున చీకటితో బయలుదేరి నడిచి వచ్చిన మనుషులు వాళ్లు. ఒకాయన పోతూ పోతూ నా కిటికీ ముందు ఆగి, ఉమ్మేసి వెళ్లాడు.

సాయంత్రం సిస్టర్ తిరిగి వచ్చింది. చీర కొంగంతా సెలైన్ తడి. నేనింకా ఆ నల్ల తెర ముందే ఉన్నాను.

"పిల్ల బతికింది," అంది. "నీ పుణ్యాన గాదు."

మర్నాడు పాత ఉద్యోగికి ఫోన్ చేశాను. అంతకంటే అవమానం నాకు ఇంకోటి లేదు. అంతా విని అతను నవ్వాడు.

"నోట్స్ చదివినవా?"

"లేదు."

"డిస్కును కొత్త పద్ధతికి మార్చినవ్. దాన్ని చదివి సిస్టమ్‌ను లేపే బూట్‌లోడర్‌ను పాతదే ఉంచినవ్. అది డిస్కును ఎట్ల గుర్తుపడతది? నోట్స్‌ల పెద్ద అక్షరాలతో ఉంటది ఆ ముక్క."

"నువ్వు పెట్టిన దరిద్రమే గదా ఇది," అన్నాను.

"పెట్టింది నేనే. కూలగొట్టింది నువ్వు," అని, ఏం చెయ్యాలో చెప్పి ఫోన్ పెట్టేశాడు. బుధవారం మధ్యాహ్నానికి యంత్రం లేచింది. ఒక్క ఫైలూ పోలేదు. అది చెప్పడానికి సిస్టర్ గదిలోకి వెళితే ఆమె కళ్లెత్తలేదు.

తర్వాత కొన్ని నెలలు మా మధ్య జరిగింది యుద్ధమే. సర్వర్ గదికి ఆమె సొంతంగా తాళం తెచ్చి వేసింది. నేను వచ్చిన ప్రతిసారీ వెళ్లి తాళంచెవి అడగాలి. ఆమె చేతిలో పని పూర్తిచేసుకుని, చేతులు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు ఇచ్చేది. అందరికీ టీ పోసి నన్ను వదిలేసేది. ట్రస్టు మేనేజరుకు నా మీద ఫిర్యాదు చేసింది. ఆయన నన్ను పిలిచి, "నడుస్తున్నదాన్ని ముట్టుకోకమ్మా," అన్నాడు. నేనూ తక్కువ తినలేదు. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుని ఆమె పిలిస్తే, వినబడనట్టు కూర్చుని తాపీగా అన్నం డబ్బా ఖాళీ చేసి, అప్పుడు లేచేదాన్ని. బయట రోగులు నిలబడి ఉంటారని తెలుసు. తెలిసీ చేశాను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

చలికాలంలో ఒక రోజు, ఆ సిస్టమ్ తయారీదార్లు పంపే ఈమెయిళ్లలో ఒక హెచ్చరిక చూశాను. ఫలానా నెలల మధ్య తయారైన వెర్షన్లలో ఒక లోపం ఉందట. ఫైలును ఒకచోటి నుంచి ఇంకోచోటికి కాపీ చేసేటప్పుడు, ఎప్పుడో ఒకసారి, మధ్యలో కొంత భాగం ఖాళీగా పడుతుందట. తప్పు జరిగినట్టు ఏ సూచనా రాదు. వెంటనే కొత్త వెర్షన్‌కు మారమని రాశారు. మా వెర్షన్ సరిగ్గా ఆ నెలలదే. నేను వానాకాలంలో పెట్టిందే.

నడుస్తున్నదాన్ని ముట్టుకోవద్దన్న మేనేజరు మాట ఇక చెల్లదు. ముట్టుకోకపోతే అది లోపల్లోపల చెడిపోతూనే ఉంటుంది. రోగుల ఫైళ్లు ఒక్కొక్కటీ తెరిచి చూశాను. రెండు రోజులు పట్టింది. ఒక ముసలాయన ఫైలులో మధ్య పేజీలు లేవు. మొదటి పేజీలో పేరు, ఊరు. చివరి పేజీలో పోయిన నెల రాసిన మందులు. వాటి మధ్య అంతా తెల్లగా ఉంది. బ్యాకప్ తీసి చూస్తే అందులోనూ అంతే. చెడిపోయిన ఫైలునే నేను జాగ్రత్తగా బ్యాకప్ చేస్తూ వచ్చానన్నమాట.

చెప్పకుండా దాచవచ్చు. ఒక పూటంతా దాచాను కూడా. తర్వాత వెళ్లి సిస్టర్ ముందు నిలబడి చెప్పాను.

ఆమె మాత్రలు లెక్కపెడుతోంది. లెక్క ఆపింది.

"ఎవరిది?"

చెప్పాను. ఆమె లేచి వచ్చి తెర చూసింది. ఆ ముసలాయన సంగతులు ఆమెకు గుర్తున్నంతవరకు, ఏ ఏడు రక్తం ఎక్కించారో, ఏ మందుకు కళ్లు తిరిగాయో, నిలబడే చెప్పింది. నేను టైపు చేశాను. ఒకచోట ఆగిపోయింది.

"గంతే. మిగిలింది నాకు యాదికి లేదు. అట్టకార్డుంటే ఉండేది."

"సిస్టమ్ మార్చాలె సిస్టర్. మార్చకపోతే ఇంకా పోతయ్."

"మళ్ల చేస్తవా?" ఆమె గొంతు పెరిగింది. "మళ్లనా? ఆ పిల్లను నేను ఆటోల పట్టుకొని పోయిన. నువ్వు పోలే. దాని మూలుగు నేనిన్న. నువ్వినలే."

"ఈసారి పద్ధతిగా చేస్త."

"పద్ధతంటే ఏందో ఎరికేనా నీకు? మా ఆయన ముప్పై ఏండ్లు బొగ్గు గనిల దిగిండు. దీపం చూసుకోకుండ, పైకొచ్చే తొవ్వ చూసుకోకుండ ఒక్కనాడు దిగలే. నువ్వేమో దిగినంక దీపం వెతుకుతవ్."

ఆఖరికి షరతులు పెట్టింది. డాక్టరుగారు వచ్చే రోజు కాకూడదు. ముందుగా ప్రతి రోగి ఫైలూ కాగితం మీద ప్రింటు తీసి ఆమె చేతికివ్వాలి. పని జరుగుతున్నంతసేపూ ఆమె పక్కనే కూర్చుంటుంది. మధ్యాహ్నం రెండింటికల్లా సర్వర్ నడవకపోతే నేను ఉద్యోగం మానెయ్యాలి. ఆ చివరిది ఇప్పుడే రాసివ్వమంది. తెల్లకాగితం తెచ్చి ముందు పెట్టింది. రాశాను. సంతకం పెట్టించుకుని, మడిచి జాకెట్టులో దోపుకుంది. ఆ క్షణాన ఆమె మీద నాకున్న ద్వేషం అంతకుముందు ఎవరి మీదా లేదు.

ఆ ద్వేషంతోనే పని నేర్చుకున్నాను. కొత్త తేదీలు పైన ఉండే ఆ నోట్స్ ఫైలును పై నుంచి మొదలుపెట్టి, మేము చివరిసారి మార్చిన తేదీ దాకా ప్రతి మాటా చదివాను. మాకు వర్తించేవి నోటుబుక్కులో రాసుకున్నాను. బ్యాకప్‌లు రెండు తీసి, రెండింటినీ ఇంట్లో నా లాప్‌టాప్‌లో మళ్లీ తెరిచి, ఫైళ్లు నిజంగా వస్తున్నాయో లేదో చూశాను. మూలన పడేసిన ఒక పాత కంప్యూటర్‌లో మా సిస్టమ్ నకలు పెట్టి, మార్పంతా ముందు దాని మీద చేశాను. మొదటిసారి అందులో అందరి పాస్‌వర్డులూ పోయాయి. పాత సెట్టింగులనూ కొత్తవాటినీ కలిపేటప్పుడు కొత్తదే ఉంచమని గుడ్డిగా ఒప్పుకున్నాను. రెండోసారి ప్రతి తేడా చదివి కలిపాను. మూడోసారి ఏ తప్పూ లేకుండా వచ్చింది.

ఒక బుధవారం పొద్దున తొమ్మిదింటికి అసలు యంత్రం ముందు కూర్చున్నాను. సిస్టర్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. ఒడిలో ప్రింటు తీసిన కాగితాల కట్ట. గోడ గడియారం ఆమెకు ఎదురుగా.

మొదట, ఉన్న సిస్టమ్‌కు ఉన్నది ఉన్నట్టుగా డిస్కు మీదే ఒక నకలు ఉంచాను. కొత్తది కుదరకపోతే యంత్రం లేచేటప్పుడు ఆ పాతదాన్ని ఎంచుకోవచ్చు. బూట్‌లోడర్ మార్చాను. తర్వాత కెర్నల్‌ను, అంటే సిస్టమ్ గుండెకాయను మాత్రం కొత్తది పెట్టాను. మిగతాదేదీ ముట్టుకోలేదు. ముందు కొత్త కెర్నల్ నిలబడుతుందో లేదో చూడాలి. అది నిలబడితేనే మిగతా పని.

యంత్రాన్ని ఆపి లేపాను. లేచింది. కానీ డాక్టరుగారి గదిలోని కంప్యూటర్‌కు అది కనబడలేదు. వేరే గదుల కంప్యూటర్లతో కలిపే నెట్‌వర్క్ కార్డును కొత్త కెర్నల్ గుర్తుపట్టలేదు. నేను పరీక్ష చేసిన పాత కంప్యూటర్‌లో కార్డు వేరే రకం. అందుకే అక్కడ ఈ చిక్కు రాలేదు.

"ఏమైంది?" అంది సిస్టర్. నా మొహం చూసి తెలుసుకుంది.

"కుదరలే. వెనక్కి పోతున్న."

ఆపి, లేచేటప్పుడు వచ్చే పట్టికలో పాతదాన్ని ఎంచుకున్నాను. కాసేపటికి పొద్దున ఉన్నది ఉన్నట్టుగా అంతా వచ్చింది. డాక్టరుగారి గదిలోకి వెళ్లి ఒక ఫైలు తెరిచి చూపించాను. గడియారంలో పదిన్నర కూడా కాలేదు.

ఆమె సంతోషిస్తుందనుకున్నాను. ఆమె మొహం ఎర్రబడింది.

"ఇంత సులువా వెనక్కి వచ్చుడు?"

"అవ్."

"ఆ సోమవారం గూడ గిట్ల రావచ్చునా?"

నేను కీబోర్డు వైపు తిరిగాను.

"అడుగుతున్న నిన్నే. ఆనాడు గూడ ఉన్నదా ఈ తొవ్వ?"

"ఉన్నది. ముందు నకలు పెట్టుకుంటే, డిస్కును మార్చకుండ ఉంటే, వచ్చేదాన్ని."

"తెల్వక చెయ్యలేదా, తెలిసే చెయ్యలేదా?"

"తొందరపడ్డ," అన్నాను.

"తొందర," అంది ఆమె. అన్ని నెలలూ ఆమె నన్ను తిట్టిన తిట్లలో ఏదీ నాకు అంత తగల్లేదు. అప్పటిదాకా నాలో నేను ఒక సమర్థన చెప్పుకుంటూ ఉండేదాన్ని. అది తయారీలో ఉన్న సిస్టమ్, చెడటం దాని గుణం, నా తప్పేముంది అని. అది ఆ కుర్చీలోనే పోయింది.

లేచి బయటికి పోయి మొహం కడుక్కుని వచ్చాను. నోటుబుక్కు తెరిచాను. ఆ రకం నెట్‌వర్క్ కార్డులను నడిపే డ్రైవరు అనే ముక్కను కెర్నల్‌లోంచి తీసి విడిగా పెట్టారని, సెట్టింగుల్లో ఒక వరుస చేర్చుకోవాలని నోట్స్‌లో ఉంది. చదివాను కూడా. మాది వేరే కార్డు అనుకుని దాటేశాను. యంత్రం మూత విప్పి, కార్డు మీద రాసింది చదివి, ఆ వరుస చేర్చి మళ్లీ కొత్త కెర్నల్‌తో లేపాను. ఈసారి డాక్టరుగారి గదికి కనబడింది. అప్పుడు మిగతా సిస్టమ్ అంతా కొత్తది పెట్టి, సెట్టింగులు ఒక్కో వరుసా చదివి కలిపి, మరోసారి లేపాను.

అంతా అయ్యాక తెర మీద ఆ పాత వాక్యమే వచ్చింది. సిస్టర్ ముందుకు వంగింది.

"ఏమంటంది ఇది?"

"డిస్కుకు కొత్త సౌకర్యాలున్నయ్, తీసుకోమంటంది."

"తీసుకుంటవా?"

"తీసుకోను."

ఆ తర్వాత ఆమె ఒడిలోని కాగితాల్లోంచి తనకు తోచిన ఒక్కొక్కటి తీసి పేరు చదివింది. నేను తెర మీద ఆ ఫైలు తెరిచాను. కాగితం మీద ఉన్నది, తెర మీద ఉన్నది, వరుస వరుసా పోల్చింది. ఇరవై దాకా చూసి ఉంటుంది. ఒక్కదాన్లోనూ తేడా లేదు. గడియారం ఒంటిగంట దాటింది. ఆమె మెచ్చుకోలేదు. నేను రాసిచ్చిన కాగితం తిరిగి ఇవ్వలేదు, చింపలేదు. అడగడానికి నాకు మొహం లేదు. ఇప్పటికీ అది ఆమె దగ్గరే ఉంది.

లేచేముందు మాత్రం ఒక మాట అంది.

"ఇయ్యాల చేసినదంత తెలుగుల రాసియ్యి. రేపు నువ్వూ పోతవ్, వాడు పోయినట్టే. తర్వాత వచ్చేటోళ్లు మళ్ల నా రోగుల మీద నేర్చుకోవద్దు."

మరుసటి వారం రెండు పేజీలు రాసి ఇచ్చాను. సాయంత్రానికి ఎర్ర పెన్నుతో గీతలు కొట్టి తిరిగి ఇచ్చింది.

"ఈ మాటలు నాకు సమజ్ కాలే. నాకే సమజ్ కాకపోతే, భయం మీద ఉన్న మనిషికి ఏం సమజ్ అయితది?"

పళ్లు కొరుక్కుంటూ మళ్లీ రాశాను. మళ్లీ కొట్టింది. "నోట్స్ చదవాలి" అని రాస్తే, "ఏడ ఉంటయ్? ఎంతవరకు చదవాలె?" అని పక్కన రాసింది. "బ్యాకప్ సరిచూడాలి" అంటే, "ఎట్ల?" మూడోసారి ఇచ్చినప్పుడు మా ఇద్దరికీ వరండాలోనే గొడవైంది. రోగులు చూస్తుండగా కాగితాలు బల్ల మీదికి విసిరి బస్సెక్కి వెళ్లిపోయాను. తల్లాడలో మా అమ్మవాళ్లింట్లో ఆదివారమంతా కూర్చుని నాలుగోసారి రాశాను. ఎవరో తెలియని మనిషికి కాదు, ఆమెకే చెబుతున్నట్టు రాశాను. ఐదు పేజీలు వచ్చాయి.

సోమవారం ఇచ్చాను. వరండాలో జనం నిండి ఉన్నారు. ఆమె ఒక చేత్తో ఒక ముసలామె నాడి పట్టుకుని, ఇంకో చేత్తో ఆ పేజీలు తిప్పుతూ చదివింది. ఎర్ర పెన్ను తీసింది. ఆమె ఏదీ కొట్టెయ్యలేదు. అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాలతో, "సోమ, గురువారాల్లో ముట్టుకోవద్దు" అని రాసింది. లేచి, గాయాలకు వేసే ప్లాస్టర్ కత్తిరించి, ఐదు పేజీలనూ సర్వర్ గది తలుపుకు లోపలి వైపు అంటించింది.

"నీ రాత గలీజుగున్నది," అని, వెళ్లి ముసలామె చెయ్యి మళ్లీ పట్టుకుంది.